చదువొచ్చిన గాడిద
జార్జ్ ఆర్వెల్ 1945లో తెచ్చిన ‘యానిమల్ ఫామ్’ నవలికను నియంతల మీద వ్యంగ్యంగా చదవడం అలవాటు. మనం దాన్ని చదువుకున్నవాళ్ల కథగా కూడా చదవాలి. పశువులు గోడమీద రాసుకున్న ఏడు కట్టుబాట్లను పందులు చాటుగా మార్చేస్తాయి. గుర్రం క్లోవర్‌కు అనుమానం వస్తుంది గానీ కూడబలుక్కుని చదవలేదు. గాడిద బెంజమిన్‌కు చదువొచ్చు. అడిగినా చదివి చెప్పదు. మిత్రుడు బాక్సర్‌ను కబేళా బండి ఎక్కించాక గానీ నోరు విప్పదు. పందులు పెంచిన కుక్కలకు పశువులు భయపడ్డాయి, నిజమే. ఈ మౌనం కూడా పందులకు బలమే అయింది.

మన గ్రామసభలకు 1996 నాటి పీసా చట్టం అండ ఉంది. అయినా తీర్మానంలో ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేసే పెద్దలు మన గూడేల్లో ఇంకా ఉన్నారు. ఆ కాగితాన్ని సభలో, మన భాషలో, అందరికీ వినబడేలా చదవాల్సింది మనమే. చదవకపోతే బెంజమిన్‌కూ మనకూ తేడా ఏముంది?