తువ్వాలు తెరచాప అయిన చోట

జపాన్ చెక్క అచ్చు చిత్రాలనగానే హొకుసాయ్ అల, ఫూజీ పర్వతం, అందగత్తెలు, నాటక నటులు గుర్తొస్తారు. ఇంటి సామాను వాటిలో ఖాళీ నింపడానికి వచ్చిందేనని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోలేను. 1766 ప్రాంతంలో సుజుకి హరునొబు గీసిన ‘గదిలో ఎనిమిది దృశ్యాలు’ చూడండి. చైనాలో షియావో, షియాంగ్ నదీతీరాల ఎనిమిది దృశ్యాలు తరతరాలుగా చిత్రకారులు గీసినవే. జపాన్‌వాళ్లు వాటిని తమ బివా సరస్సు ఒడ్డుకు తెచ్చుకున్నారు. హరునొబు ఏకంగా ఇంట్లోకే తెచ్చాడు. చేతులు తుడుచుకునే తువ్వాలు రేవుకు తిరిగొచ్చే తెరచాప అయింది. గుండ్రటి అద్దం శరత్కాల చంద్రుడు. కోటో వాద్యం తీగల కింద వరుసగా నిలబెట్టిన చిన్న ముక్కలు నేలకు దిగే అడవి బాతులు. నల్లటి లక్క గుండిగ మీద సాగదీసిన పట్టు దూది సంజవేళ కొండ మీద మంచు. కెటిల్‌లో మరిగే నీళ్లు రాత్రి వాన. బొమ్మకు చప్పుడు ఉండదు కదా, ఆ వానను చూసేవాళ్లే తమ ఇంటి పొయ్యి దగ్గర నుంచి గుర్తుచేసుకోవాలి.

ఈ చిత్రాల్లో ఆ వస్తువుల పక్కన కనిపించే ఆడవాళ్లే అసలు విషయమని అనవచ్చు. హరునొబుకు వాళ్ల మీద మక్కువ ఉన్నమాట నిజమే. కానీ ప్రతి చిత్రం పేరులోనూ ఉన్నది వస్తువు. తువ్వాలు తీసేస్తే పడవే లేదు. ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది: వస్తువు కవిత్వానికి గుర్తు మాత్రమే, పొడుపుకథ విప్పాక దానితో పనేముంది? దీనికి జవాబు సురిమోనోల్లో దొరుకుతుంది. కవుల బృందాలు తమలో తాము పంచుకోవడానికి, ఎక్కువగా కొత్త సంవత్సరానికి, సొంత ఖర్చుతో వేయించుకున్న అచ్చులివి. జపాన్ పంచాంగంలో గుర్రం సంవత్సరమైన 1822కు హొకుసాయ్ చేసిన వరుసలో, గుర్రం పేరుతో ముడిపడ్డ వస్తువులే చాలా చిత్రాలకు విషయం. పొడుపుకథే ముఖ్యమైతే నల్లటి గీత చాలు. వీళ్లు అక్కడితో ఆగలేదు. గుడ్డ నేత కనిపించడం కోసం చెక్కను చెక్కించి, సిరా పూయకుండానే తడి కాగితం మీద ఒత్తించేవారు. ఏటవాలు వెలుతురులో పెడితే తప్ప కంటికి ఆనని ఆ ఉబ్బు కోసం చెక్కేవాడి శ్రమ, అచ్చు వేసేవాడి శ్రమ, డబ్బు, ఖరీదైన మందపు కాగితం! గుర్తుగా మాత్రమే చూసే వస్తువుకు ఎవరూ ఇంత పెట్టరు.

ఇదంతా డబ్బున్నవాళ్ల సరదా అన్నది చివరి అభ్యంతరం. కొంతవరకు ఒప్పుకుంటాను: హరునొబు ఎనిమిది చిత్రాలు కూడా మొదట క్యోసెన్ అనే సమురాయ్ కవి కోసమే అచ్చయ్యాయి. కానీ తర్వాత అవే బజారులో అమ్మకానికి వచ్చాయి. కొన్నవాళ్ల ఇళ్లలో తువ్వాలూ కెటిలూ అప్పటికే ఉన్నాయి.