కోయని కత్తి ఎవరిది?

కత్తులు పోగేసుకునేవాళ్లు ఒక మాట తప్పకుండా చెబుతారు: ఇది వాడటానికి కాదు, ఉంచుకోవడానికి. ఈ మాటను మనం ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. డబ్బున్నవాళ్ల సరదా అని వదిలేశాం. కానీ దీని వెనక ఒక సాంస్కృతిక రాజకీయం ఉందనేది మా వాదన. కత్తిని వాడకుండా ఉంచుకోగలగడం ఎవరికి సాధ్యం? 'నేను వాడను' అంటే ఎవరి మాట చెల్లుతుంది? వాడి వాడి అరిగిపోయిన కత్తి ఏమైపోయింది? ఈ మూడు ప్రశ్నల్నీ హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి మా ఎర్రగుంట్ల దాకా తీసుకొచ్చి చూడటమే ఈ వ్యాసం పని.

ముందు మ్యూజియం సంగతి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) నిజాం దగ్గర 1912 నుంచి 1914 దాకా దివానుగా పనిచేశాడు. ఆ తర్వాత బతుకంతా వస్తువులు పోగేయడంలోనే గడిపాడు. ఆయన పోయాక 1951 డిసెంబరు 16న నెహ్రూ ఆ సేకరణను మ్యూజియంగా ప్రారంభించాడు. 1961లో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968 నుంచి మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలో నడుస్తోంది. అందులో ఆయుధాలకు ఒక గది ఉంది. జేడ్ రాతి వస్తువుల గదిలో జహంగీరుదని చెప్పే బాకు, నూర్జహాన్‌దని చెప్పే పండ్లు కోసుకునే కత్తి ఉన్నాయి. జనం అద్దానికి ముక్కు ఆనించి పిడిలో పొదిగిన రాళ్లను చూస్తారు. అంచును చూడరు. అంచుతో అక్కడ పని లేదు. రాజు పేరు, కాలం, రాయి పేరు తెలుసుకుని బయటికొస్తారు. ఆ కత్తిని సాగగొట్టిన చేతి సంగతి, సాన పట్టిన చేతి సంగతి ఎవరూ అడగరు. అడగాలన్న ఆలోచన రానివ్వకుండా పెట్టడమే ఆ ప్రదర్శనలోని భావజాలం.

ఇంత సొమ్ము యాడిది? సాలార్‌జంగ్ ఎస్టేటుది. మూడొందలకు పైగా గ్రామాలున్న జాగీరు అది. నిజాం రాజ్యంలో వెట్టి అంటే ఏందో ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మాదిగలు దొరలకూ అధికార్లకూ చెప్పులు, వార్లు, మోట బొక్కెనలు ఊరికే కుట్టి ఇయ్యాల. చచ్చిన గొడ్డును మోసుకుపోవాల, తోలు ఒలవాల, తంగేడు చెక్క వేసి లందలో నానబెట్టాల, రంపెతో కోయాల, ఆరెతో కుట్టాల. ఒక కత్తి ఏమీ కోయకుండా అద్దాల పెట్టెలో ఉండాలంటే ఎన్ని కత్తులు కూలి లేకుండా కోయాలి? ఈ లెక్క ఏ మ్యూజియం పుస్తకంలోనూ రాయరు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరు సొమ్ముతో కొన్న వస్తువులు జాతి సంపద అయ్యాయి. ఆ జాతిలో వెట్టి చేసిన చేతుల వాటా ఎంత?

ఇంకొక సంగతి. ప్రపంచంలో కత్తుల సేకర్తలు 'డమాస్కస్' అని గొప్పగా చెప్పుకునే పాత కత్తుల్లో చాలావాటి ఉక్కు దక్షిణాది మూసల్లోంచి పోయిందే. ఇంగ్లీషువాళ్ల 'వూట్జ్' అన్న మాట మన 'ఉక్కు'లోంచి వచ్చిందని పండితులు చెబుతారు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో ఈ ఉక్కు ఎట్లా చేసేవాళ్లో హెన్రీ వాయిసీ రాసిన వివరం 1832లో అచ్చయింది. పర్షియా వర్తకులు అంత దూరం నుంచి అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. కత్తికి చివరికి సంత పేరు మిగిలింది, కొలిమి ఉన్న ఊరి పేరు మిగల్లేదు. 2023 మే నెలలో లండన్ వేలంపాటలో టిప్పు సుల్తాన్ ఖడ్గం ఒకటి కోటీ నలభై లక్షల పౌండ్లకు పోయింది. మా కడప సీమ 1792 దాకా ఆ టిప్పు ఏలుబడిలోదే. ఆ ఖడ్గంతో కొన్నవాళ్లకు ఏ పనీ లేదు. పని లేకపోవడమే దాని ధరకు మొదటి షరతు.

1936లో 'కులనిర్మూలన'లో అంబేడ్కర్ ఈ విషయాన్ని సూటిగా పట్టుకున్నాడు. ఈ దేశంలో అణగారిన జనం ఎందుకు తిరగబడలేదు అన్న ప్రశ్నకు, వాళ్లు పిరికివాళ్లు కాబట్టి అని ఆయన అనలేదు. చాతుర్వర్ణ్యం వాళ్లకు ఆయుధమూ లేకుండా, చదువూ లేకుండా చేసిందన్నాడు. దీన్ని మనం ఇంకొంచెం ముందుకు తీసుకుపోవచ్చు. మన చేతుల్లో ఇనుము లేక కాదు. కొడవలి, గొడ్డలి, గడ్డపార, రంపె, అన్నీ మన చేతుల్లోనే ఉన్నాయి. అయితే పని కోసం ఉన్నాయి. పని లేనప్పుడు ఒక కత్తిని ఊరికే, అందం కోసం, మర్యాద కోసం పెట్టుకునే హక్కు మాత్రం మనకు లేదు. ఆయుధం లేకపోవడం ఒక లేమి అయితే, పనిముట్టును పక్కన పెట్టే తీరిక లేకపోవడం ఇంకొక లేమి.

మా సీమ చరిత్రలో దీనికొక మలుపు ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాల్ని కుంఫిణీకి దత్తం చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి, ఎనభై మంది దాకా ఉన్న పాలెగాళ్ల బలగాల్ని అణిచేశాడు. కలెక్టరు అంటే పోగేసేవాడనే కదా అర్థం! శిస్తు పోగేసే కలెక్టరు ఆయుధాల్ని ఊర్లలోంచి తీసేశాడు. వస్తువులు పోగేసే కలెక్టర్లు వాటిని గోడల మీదికి ఎక్కించారు. 1878 ఆయుధాల చట్టం మామూలు జనానికి లైసెన్సు పెట్టి, తెల్లవాళ్లకు, కొందరు పెద్దలకు మినహాయింపులిచ్చింది. సరిగ్గా రెండేళ్లకు, 1880లో, ఎగర్టన్ అనే ఇంగ్లీషు దొర భారతదేశపు ఆయుధాల మీద బొమ్మలతో పుస్తకం వేశాడు. జనం చేతిలో కత్తి అనుమానంగా మారిన రోజుల్లోనే దొర బీరువాలో కత్తి శాస్త్రంగా మారింది. ఈ రెండూ వేర్వేరు సంగతులని మేము అనుకోవడం లేదు.

ఇప్పటి చట్టం చూద్దాం. 1959 ఆయుధాల చట్టం ఇంటిపనికీ సేద్యానికీ మాత్రమే తయారైన వస్తువుల్ని ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. 2016లో కొత్త నియమాలు వచ్చేదాకా అమల్లో ఉన్న 1962 నియమాలు తొమ్మిది అంగుళాలకు మించి పొడవో, రెండు అంగుళాలకు మించి వెడల్పో ఉన్న కత్తుల్ని ప్రత్యేకంగా పేర్కొంటూ, ఇల్లు, సేద్యం, పరిశ్రమ పనులకు చేసినవాటిని వదిలేశాయి. కాగితం మీద ఇది న్యాయంగానే ఉంది. కానీ 'ఇది ఏ పనికి?' అన్న ప్రశ్న వచ్చిన ప్రతిచోటా జవాబు చెప్పే మనిషి ఎవరన్నది ముందుకొస్తుంది. బంగళా గోడకు రెండు కత్తులు అడ్డంగా తగిలించి ఉంటే అది వంశగౌరవం. వచ్చిన అధికారి కూడా మెచ్చుకుని కాఫీ తాగిపోతాడు. మాదిగపేట పిల్లోడి సంచిలో తోలు కోసే కత్తి కనపడితే వాడు పది ప్రశ్నలకు జవాబు చెప్పాల. మొదటివాడి ఉద్దేశాన్ని ఎవరూ అడగరు. రెండోవాడు చెప్పినా నమ్మరు. నమ్మకం అనేది మన సమాజంలో కులాన్ని బట్టే పంచబడింది. 'వాడను' అన్న మాట కూడా ఒక ఆస్తే. అది కొందరికి పుట్టుకతో వస్తుంది.

ఫ్యాక్షన్ అని పేరుబడ్డ మా ప్రాంతంలో ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పటి నుంచి 'ఆది', 'ఇంద్ర' (రెండూ 2002) మీదుగా 2018 నాటి 'అరవింద సమేత' దాకా తెలుగు సినిమా వేటకొడవలిని సీమ గుర్తుగా చేసిపెట్టింది. తెర మీద కొడవలి దొరబిడ్డ చేతిలో ఉంటుంది. ఊర్లో అది అనుచరుడి చేతిలో ఉంటుంది. నరికేది, నరికించుకునేది, జైలుకు పోయేది చానామటుకు పేద కులాల పిల్లోళ్లే. నాయకుడికి సభలో మెరిసే కత్తి బహూకరిస్తారు. ఆయన దాన్ని గాల్లోకి ఎత్తి ఫోటో దిగి ఇంట్లో పెట్టుకుంటాడు. దాంతో ఏమీ కోయడు. కోయాల్సిన అవసరం ఆయనకు లేదు. కత్తి వదిలేయడమే గొప్ప అని చెప్పే సినిమా వచ్చినా, వదిలేసే అవకాశం హీరోకే ఇస్తుంది. సుమో వెనకాల కూర్చున్నోడికి వదిలేయడానికి ఏముంది?

వాడకుండా ఉంచే కత్తుల కొట్టు ఇంకొకటి ఉంది. దాని సంగతి కళాచరిత్రకారులు రాయరు. అది కోర్టు సామాన్ల గది. హత్య కేసుల్లో పట్టుకున్న కత్తులకు, గొడ్డళ్లకు చీటీ కట్టి 'ఎం.ఓ.' నెంబరు వేస్తారు. నెంబరు పడ్డాక ఆ కత్తిని ఎవరూ వాడరు. తీర్పు చివర సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: అప్పీలు గడువు అయిపోయాక పనికిరాని ఎం.ఓ.లను ధ్వంసం చేయాలి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 452వ సెక్షను ఈ అధికారాన్నిచ్చింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకొచ్చిన సంహితలోనూ అది కొనసాగుతోంది. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నిందితులందర్నీ వదిలేసింది. చనిపోయినవాళ్లను ఊరి నడుమ పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నది దళితులే. జ్ఞాపకాన్ని కాపాడే పని ప్రజలు చేసుకోవాల్సి వచ్చింది. ఎవర్నీ కోయని కత్తికి కాపలావాళ్లు, అద్దాలు, దీపాలు. దళితుల్ని కోసిన కత్తికి మాత్రం ధ్వంసం చేయమని ఒక వాక్యం. ఏ కత్తి చరిత్ర అవుతుంది, ఏది కాదు అన్నది ఈ రెండు గదుల మధ్యే తేలిపోతోంది.

ఇక మా ఎర్రగుంట్ల. ఇప్పుడు ఈ ఊరంటే నాపరాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ కరెంటు. కరెంటు మోటార్లు వచ్చాక కపిలలు పోయాయి. కపిలతోపాటు కపిల బానలు కుట్టే పని పోయింది. ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక మిగిలిన పనీ పోయింది. మా ఇండ్లల్లో రంపె చూరులో దోపి ఉండేది. అది తుప్పు పట్టి పాత సామాన్లోళ్ల తట్టలోకి పోయింది. కులవృత్తి పోయినందుకు మేము ఏడవడం లేదు. ఆ లంద వాసనలోంచి బయటపడ్డందుకే మాలో కొందరం చదువుల దాకా వచ్చాం. కానీ ఏ పొర ఎంత మందం, వారుకు వీపు తోలా, బానకు ఏ తోలు, ఏ కోణంలో రంపె దించాల అనే జ్ఞానం కూడా ఆ తట్టలోనే పోయింది. నూర్జహాన్ పండు కోసిన కత్తి కళ అయితే, తరాల తరబడి ఊరి పొలాలకు నీళ్లు తోడిన బానను కోసిన కత్తి ఎందుకు కాలేదు?

ఇక్కడ ఒక వాదన వస్తుంది. సేకర్తలే లేకపోతే ఆ పాత పనితనం ఏమీ మిగిలేది కాదు కదా అని. నిజమే. మ్యూజియంను తగలబెట్టమని మేము అనడం లేదు. కాపాడే శక్తి ఉన్నవాళ్లు ఏది కాపాడాలో తామే ఎంచుకున్నారని, ఆ ఎంపికను అభిరుచి అని పిలిచారని అంటున్నాం. ఇంకొక వాదన మనవాళ్ల దగ్గరా ఉంది. 1994లో మాదిగ దండోరా వచ్చాక డప్పు సభలకెక్కింది. అవమానంగా ఉన్నది ఆత్మగౌరవం అయింది. రంపె ఎక్కలేదు. ఎక్కిన చోట కూడా కవితలో ఒక గుర్తుగా, పోస్టరులో ఒక బొమ్మగా ఎక్కింది. పనిముట్టును గుర్తుగా మార్చి గోడకు తగిలిస్తే మనమూ ఇంకో రకం సేకర్తలమే అవుతాం.

అందుకని విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మా ప్రతిపాదనలు మూడు. ఒకటి, పేటల్లో మిగిలిన రంపెల్ని, ఆరెల్ని వాటిని పట్టిన మనుషుల పేర్లతో, వాళ్లు చెప్పే పని వివరంతో నమోదు చేయాలి. ఆ పెద్దోళ్లు ఉన్నప్పుడే ఇది జరగాల. రెండు, దళితుల హత్య కేసుల్లో ఎం.ఓ.ల జాబితాలు, ఫోటోలు, పంచనామాల నకళ్లు ధ్వంసానికి ముందే లాయర్ల ద్వారా సంపాదించి భద్రం చేయాలి. మూడు, ప్రభుత్వ సొమ్ముతో నడిచే మ్యూజియాల్లో ఆ వస్తువు కొనడానికి డబ్బు ఏ ఊర్ల నుంచి వచ్చిందో కూడా చీటీ మీద రాయమని అడగాలి. మొదటి పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.