నవలాకారుడు – పాత్ర : ఆత్మావిష్కరణము ఎంతవరకు?

నవలలోని నాయకుని రచయితతో జోడించి చూచుట మనకు పరిపాటియైనది. 'వేయిపడగలు'లోని ధర్మారావే విశ్వనాథవారు, 'అసమర్థుని జీవయాత్ర'లోని సీతారామారావే గోపీచంద్, 'మైదానం'లో రాజేశ్వరి నోట పలికినది చలమే – ఇట్టి సమీకరణములు తరగతి గదులలో వినబడుచునే యున్నవి. పరిశోధన వ్యాసములలో నొక్కొక్కప్పుడు ప్రమాణములుగా కూడ చెల్లుచున్నవి. వీనిలో సత్యము లేకపోలేదు. ఆ సత్యము ఎట్టిదో విచారింపవలసి యున్నది.

రచయిత పాత్రకు తెలిసి యిచ్చునది యొకటి: తన యూరు, తన వృత్తి, తన యభిప్రాయములు, తన దుఃఖము. తెలియకయే జారిపోవునది వేరొకటి. మొదటిదానిని గుర్తించుటకు జీవితచరిత్ర చేతనుండిన చాలును. రెండవదానికి గ్రంథమొక్కటే సాక్షి. మన దృష్టి యంతయు మొదటిదాని మీదనే నిలిచిపోయినదని మా యభిప్రాయము.

విశ్వనాథవారి తండ్రి శోభనాద్రిగారు దాతృత్వముచే సిరిని పోగొట్టుకొన్నవారు. నవలలో ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రి కథయు నట్టిదే. వరలక్ష్మీ త్రిశతిని చదివిన పాఠకుడు అరుంధతి మరణఘట్టమును ఉదాసీనుడై చదువజాలడు. ఇవన్నియు రచయిత తెలిసి యుంచిన గురుతులు. ధర్మారావు వాదించునప్పుడు ఎదిరివానికి గెలుచుటకు చాలచోట్ల తెరపి లేదు; అభిప్రాయము నిరాటంకముగా ప్రవహించును. అయినను ఒకని యభిప్రాయము తెలిసినంతనే ఆ మనిషి తెలిసినట్లు కాదు. విశ్వనాథవారి హృదయమును వెదకువారు గిరిక కడకు, పసిరిక కడకు పోవలెను. వారు వాదింపరు. గిరికకు నాట్యము, పసిరికకు పచ్చని పొలము – అంతియే వారి బ్రతుకు. ధర్మమేల నిలువవలెనో ధర్మారావు చెప్పగలడు. అది నిలువదేమోయన్న బెంగ ఆతని మాటలలో వినరాదు. ఆ బెంగ యంతయు, వాదమునకు అందని మమకారముతో కూడ, ఈ యిరువురి యంతములలో నున్నది. రచయిత తనకు ప్రతినిధిగా నిలిపిన పాత్ర కంటె, ప్రతినిధి కానక్కరలేని పాత్రలే ఆయనను ఎక్కువ పట్టి యిచ్చినవి.

గోపీచంద్ విషయము మరింత చిక్కైనది. తండ్రి రామస్వామి చౌదరిగారు హేతువాది, తామును ఎం. ఎన్. రాయ్ భావములను స్వీకరించి రాడికల్ డెమొక్రటిక్ పార్టీలో పనిచేసినవారు. సీతారామారావు వంశప్రతిష్ఠను మోయుచు ఆస్తిని కరగించి, ఏ పనియు చేయజాలక, ప్రతిదానిని తర్కించి తర్కించి తుదకు శ్మశానమున నశించును. ఆతనికి ఎదురుగా నిలిచిన రామయ్య తాత మాటలలో రచయిత సిద్ధాంతమున్నదని చెప్పుట వాడుక. కావచ్చును. కాని కథనరీతిని పరికింపుడు. సీతారామారావు లోకమును ఏ తీరున విప్పి చూచునో, కథకుడు సీతారామారావును ఆ తీరుననే విప్పి చూచును. 'ఎందుకు' అను ప్రశ్న యిరువురకు నొక్కటే. రచయితకు ఆయుధమైనది పాత్రకు వ్యాధియైనది. తన బుద్ధిని తానే శంకించుకొన్నవాడు గాని యిట్టి పాత్రను సృజింపజాలడు. ఆ శంక రామయ్య తాత యుపదేశములలో మచ్చునకైనను కానరాదు. గోపీచంద్ తరువాతి కాలమున అరవిందుల దర్శనమువైపు మొగ్గిరన్న సంగతి యెరిగినవారికి ఈ నవల ఆ మార్గమున తొలి మజిలీవలె తోచును.

'మైదానం' (1927) గూర్చి యొక్క మాట చాలును. పెండ్లిని గూర్చి రాజేశ్వరి పలుకులు చలము పలుకులే. అందులో రహస్యమేమియు లేదు. అయితే ఆమెకు స్వేచ్ఛ నిచ్చిన అమీరే, ఆమె గర్భవతి కాగానే బిడ్డ వలదని పట్టుపట్టును. సిద్ధాంతమును ప్రచారము చేయుటయే లక్ష్యమైనచో రచయిత ఈ ఘట్టమును వ్రాయనక్కర లేదు. వ్రాసినారు. వ్యాసములలోని చలమునకు దొరకని చలము ఇచ్చట నున్నాడు.

బుచ్చిబాబు అనంతపురమున ఆంగ్లోపన్యాసకులుగా నుండిరి. 'చివరకు మిగిలేది'లో దయానిధి ఆ సీమకే పోయి వైద్యము చేయును. ఈ సామ్యమును కనుగొన్న పరిశోధకునకు దొరకినది ఒక యూరు మాత్రమే. దయానిధి తనను ప్రేమించిన స్త్రీల యెదుట ఏల అన్నిసార్లు నోరు మెదపలేకపోయెనో అనంతపురము చెప్పదు. దానికై ఆ మౌనములున్న పుటలనే మరల తెరువవలెను.