అల్-సయ్యిద్ చేతులు కట్టిన భాష

ఇజ్రాయెల్ దక్షిణాన, నెగెవ్ ఎడారిలో బీర్‌షెబాకు దగ్గర్లో అల్-సయ్యిద్ అనే బెడూయిన్ అరబ్బుల ఊరుంది. ఆ ఊరి సైగల్లో కోడిగుడ్డుకు రెండు కదలికలు. ముందు చూపుడువేలు వంచి కోడిముక్కు చూపిస్తారు. వెంటనే మూడు వేళ్లతో కోలగా ఉన్న చిన్న వస్తువును పట్టుకున్నట్టు పెడతారు. ఒక కుటుంబంలో మాత్రం ఈ రెండూ వాడగా వాడగా కలిసిపోయి, ముక్కును కూడా మూడు వేళ్లతోనే చూపించడం మొదలైంది. కోడికి మూడువేళ్ల ముక్కెక్కడిది? బొమ్మగా చూస్తే అది చెడిపోయినట్టే. కానీ రెండు మాటలు పక్కపక్కన నిలబడి ఒకదాని రూపు ఒకటి తెచ్చుకోవడాన్ని మనం సంధి అంటాం. ఏ వ్యాకరణమూ చదవని ఒక ఇంట్లో, మాటల మధ్య చేతులతో సంధి పుట్టింది.

ఈ భాషను అల్లిన పనితనం మొదలై వందేళ్లు కూడా కాలేదు. సుమారు 200 ఏళ్ల కిందట ఈజిప్టు నుంచి వచ్చిన ఒకాయన స్థానిక స్త్రీని పెళ్లాడి ఇక్కడ స్థిరపడ్డాడు. ఊరు ఆయన సంతానంతో పెరిగింది. మేనరికాల సంగతి మనకు కొత్త కాదు. అలాంటి దగ్గరి సంబంధాల్లో తరాలపాటు దాగిన జన్యులోపం ఐదో తరంలో, 1930ల ప్రాంతంలో బయటపడింది. ఒకే ఇంట నలుగురు పిల్లలు వినికిడి లేకుండా పుట్టారు. 2005 నాటికి దాదాపు 3,500 మంది ఉన్న ఊళ్లో 150 మంది దాకా బధిరులు.

వాళ్లకు సైగలు నేర్పడానికి బయటినుంచి ఎవరూ రాలేదు. ఇంట్లోవాళ్లూ ఇరుగుపొరుగూ కలిసి అల్లుకున్నారు. ప్రార్థన, ఇల్లు కలిపితే మసీదు. చెమట, సూర్యుడు కలిపితే వేసవి. ఎడారి మనిషి వేసవిని ఇంతకన్నా బాగా ఎలా చెబుతాడు! బధిరులకూ వినగలిగినవాళ్లకూ మధ్య పెళ్లిళ్లు మామూలు కాబట్టి సైగలు ఊరంతా పాకాయి. ఊరివాళ్లు దాన్ని తమ రెండో భాషగా లెక్కిస్తారు. ఎవరు ఎంత బాగా సైగ చేస్తారో వినగలిగినవాళ్లు పోల్చుకుంటారు, బాగా చేసేవాళ్లను మెచ్చుకుంటారు. వైకల్యం ఉన్నవారిని కలుపుకుపోవడం గురించి నేను చదివిన వాటిలో ఇంతకన్నా గొప్ప సంగతి లేదు. ఇక్కడ భారం మోసింది వినలేనివాళ్లు మాత్రమే కాదు, వినగలిగినవాళ్లు కూడా నేర్చుకున్నారు.

ఇక రెండో పనితనం పరిశోధకులది. హైఫా విశ్వవిద్యాలయం నుంచి వెండీ సాండ్లర్, ఇరిత్ మెయిర్ అనే యూదు భాషాశాస్త్రవేత్తలు, అమెరికా నుంచి కారల్ పాడెన్, మార్క్ అరనాఫ్ ఈ ఊరికి వచ్చారు. పాడెన్ స్వయంగా బధిరురాలు. చాలాకాలం ప్రభుత్వ గుర్తింపుకు నోచుకోని ఊరిది. నేలమీద హక్కు కోసం నెగెవ్ బెడూయిన్లకూ రాజ్యానికీ మధ్య ఉన్న తగవు చిన్నది కాదు. అయినా ఊరివాళ్లు ఇళ్లలోకి రానిచ్చారు, కెమెరా ముందు కూర్చున్నారు. వచ్చినవాళ్లు కూడా పాఠం చెప్పబోలేదు. చిన్న చిన్న వీడియోలు చూపించి, చూసినదాన్ని సైగలు తెలిసిన అదే ఊరి మరో మనిషికి చెప్పమన్నారు. ఈ చిన్న ఏర్పాటు నాకు చాలా నచ్చింది. పరాయివాళ్లకు చెప్పేటప్పుడు ఎవరైనా భాషను తేలిక చేస్తారు, తమవాళ్లకు చెప్పేటప్పుడు ఆ అవసరం రాదు.

2005లో వెలువడిన వాళ్ల పరిశోధన పత్రం తెలుగు పాఠకులకు ఇట్టే అర్థమవుతుంది. అల్-సయ్యిద్ వాక్యంలో ముందు కర్త, తర్వాత కర్మ, చివర క్రియ. ఊరివాళ్లు మాట్లాడే అరబీలోనూ, చుట్టూ వినిపించే హీబ్రూలోనూ క్రియ కర్మకన్నా ముందే వస్తుంది. అంటే ఈ వరుసను పక్క భాషల నుంచి ఎరువు తెచ్చుకోలేదు, రెండో తరానికల్లా వాళ్లే స్థిరపరచుకున్నారు. అలాగని అంతా మన దారీ కాదు. విశేషణం, సంఖ్య నామవాచకం తర్వాతే వస్తాయి.

తర్వాతి పత్రాల్లో ఇంకా సూక్ష్మమైనవి దొరుకుతాయి. పెద్దవాళ్లు చిన్న వాక్యాలను ఒకదాని వెంట ఒకటి పేర్చుకుపోతారు. చిన్నవాళ్లు కనుబొమలు ఎత్తి, తల కొంచెం ముందుకు వంచి, ‘ఇది జరిగితే’ అన్న సగాన్ని మిగతా సగానికి ముడివేస్తారు. సంక్లిష్ట వాక్యం ముఖంమీద రూపు కట్టుకోవడాన్ని తరం తర్వాత తరంగా నమోదు చేయగలిగారు. అనుకున్నవి దొరకనప్పుడు కూడా అంతే నిజాయితీ. చాలా సైగల భాషల్లో ఎవరు ఎవరికి ఇచ్చారో క్రియ కదిలే దిక్కే చెబుతుంది. ఇక్కడ అది కనిపించలేదని రాశారు, అది లేకపోయినా భాష నిండుగా నడుస్తోందనీ రాశారు.

ఇప్పుడు దిగులు బడి దగ్గర మొదలవుతుంది. బధిర పిల్లలకు చదువు అందడం మంచి మాటే. కానీ బడిలో ఎదురయ్యేది ఇజ్రాయెలీ సంజ్ఞా భాష. అది 1930ల నుంచి యూదు బధిరుల మధ్య పెరిగి, నేడు దేశంలోని యూదు, అరబ్బు బధిరులను కలుపుతున్న భాష. దానివల్ల అల్-సయ్యిద్ కుర్రవాడు టెల్ అవీవ్‌లోని బధిరుడితో మాట్లాడగలడు, ఉద్యోగం వెతుక్కోగలడు. దాన్ని కాదనమనే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే ఆ మాటలు వచ్చి చేరేకొద్దీ ఊరి సైగలు వెనక్కి పోతున్నాయి. మొదటి తరం బధిరుల్లో ఎవరూ మిగల్లేదు. పరిశోధకుల్లో ఇరిత్ మెయిర్ కూడా 2018లో కన్నుమూశారు.

బడిలో రెండు భాషలకూ చోటుండాలి. ఊరి సైగలు తెలిసిన పెద్దవాళ్లను జీతమిచ్చి తరగతి గదిలోకి తీసుకురావాలి. ఊరివాళ్లూ పరిశోధకులూ కలిసి చిత్రీకరించిన వీడియోలు ఆ పిల్లల చేతికి పాఠాలుగా చేరాలి.