దిద్దేవాడెవరు?

ఐఐఎంలలో ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్ నోటిఫికేషన్ జూలై చివర్లో వస్తుంది. పరీక్ష నవంబరు ఆఖర్లో ఓ ఆదివారం. ఈ నాలుగు నెలలూ బీటెక్కో బీకామో పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లలో ఫోను మోగుతూనే ఉంటుంది. అవతల మాట్లాడేది కోర్సు అమ్మే కంపెనీ తాలూకు కౌన్సెలర్. ఈ రాత్రి పన్నెండు దాటితే డిస్కౌంటు ఉండదంటాడు. ఆ ఫోను పెట్టేశాక తండ్రో మేనమామో నాకు చేస్తారు. లెక్కలు చెప్పుకుని బతికినవాణ్ని కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలిసే ఉంటాయని వాళ్ల నమ్మకం. “మాస్టారూ, ఏ కోర్సు తీసుకోమంటారు?”

కోర్సు పేరు చెప్పడం నా పని కాదు. ఒక్కటే అందరికీ పనికొస్తుందని నేననుకోను కూడా. డబ్బు దేనికి పెట్టాలన్న విషయంలో మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాఠం వినడానికి డబ్బు పెట్టొద్దు. తప్పు దిద్దేవాడు దొరికితే పెట్టండి.

ఈ మాట పాతికేళ్ల కిందట చెల్లేది కాదు. అప్పుడు పాఠమే కరువు. రావులపాలెం సెంటర్లో హైదరాబాద్ బస్సెక్కి, అక్కడ ఏదో హాస్టల్లో మంచం సంపాదిస్తే తప్ప, డేటా ఇంటర్‌ప్రెటేషన్ అంటే ఏమిటో విడమరిచి చెప్పేవాళ్లు మన వైపు అరుదు. 1992లో హైదరాబాద్‌లో మొదలైన టైమ్ లాంటి కోచింగ్ సంస్థలు అంతగా విస్తరించడానికి ఆ కరువే కారణం. వెళ్లలేనివాళ్లు పోస్టులో మెటీరియల్ తెప్పించుకుని, జిరాక్సులు తీయించి నలుగురూ పంచుకునేవారు.

ఇప్పుడు ఏ అధ్యాయం కావాలన్నా యూట్యూబ్‌లో ఉంది, అదీ మంచి మాస్టార్లు చెప్పిందే. 2017 నుంచి పరీక్ష అయ్యాక ఐఐఎంలే ప్రశ్నపత్రాలు బయటపెడుతున్నాయి. బిజినెస్ స్కూళ్లలో చేరడానికి రాసే జీమ్యాట్ నిర్వాహకులు తమ సైట్‌లో రెండు పూర్తి నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తున్నారు. అయినా అమ్మేవాళ్లు ఇంకా పాఠాల లెక్కే చెబుతారు. ఎవరైనా వెయ్యి గంటల వీడియోలున్నాయని ఊరిస్తే ఒక్క భాగహారం చేయండి. రోజుకు ఎనిమిది గంటలు చూసినా నాలుగు నెలల్లో అవి పూర్తికావు. ఇక లెక్క చేసేదెప్పుడు?

పిల్లల కాగితాలు దిద్దగా దిద్దగా నాకు తెలిసొచ్చింది, తప్పులు మూడు రకాలని. తెలియక చేసేది ఒకటి. సరుకు ధర 20 శాతం పెంచి, ఆ పైన 20 శాతం తగ్గిస్తే మళ్లీ మొదటి ధరే వస్తుందని రాసేవాడికి శాతాలు సరిగా రాలేదు. మొత్తమ్మీద 4 శాతం తగ్గుతుందని తెలుసుకోవడానికి ఒక ఉచిత వీడియో చాలు. తొందరలో చేసేది రెండోది. ప్రశ్నలో ‘సరికానిది ఏది’ అని ఉంటే ‘సరైనది ఏది’ అని చదువుకుంటాడు. గడియారం ముందు పెట్టుకుని పేపర్లు రాయగా రాయగా ఇది తగ్గుతుంది.

మూడోది వదల్లేక చేసే తప్పు. లెక్క వచ్చు, దారీ తెలుసు. కానీ అది ఏడు నిమిషాలు తినే లెక్క. సగం చేశాక విడిచిపెట్టడానికి మనసొప్పదు. జవాబు సరిగ్గానే వస్తుంది, ఈలోగా వెనకున్న మూడు తేలిక లెక్కలు చేజారిపోతాయి. మార్కుల పట్టికలో ఈ తప్పు కనపడదు, ఎందుకంటే అక్కడ ఆ లెక్కకు టిక్కే పడి ఉంటుంది. పక్కన కూర్చుని చూసేవాడు ఒకడుంటేనే తేలిగ్గా బయటపడుతుంది.

క్యాట్ కాచుకుని కూర్చునేది ఈ మూడో తప్పు కోసమే. 2024 పేపర్లో 68 ప్రశ్నలు: ఇంగ్లిషు 24, డేటా, లాజిక్ కలిపి 22, లెక్కలు 22. విభాగానికి 40 నిమిషాలు. ఒకటి ముగిసేదాకా రెండోదాని మొహం చూడనివ్వరు. సరైన జవాబుకు 3 మార్కులు. ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే ఒక మార్కు కోత, జవాబు టైపు చేసేవాటికి కోత లేదు. మొత్తం 204 మార్కుల్లో సగానికి కాస్త అటూఇటూగా తెచ్చుకున్నవాళ్లకే 99 పర్సంటైల్ వచ్చింది. అంటే సగం పేపరు వదిలేసి వచ్చినా ఫరవాలేదు, ఏ సగం వదలాలో తెలియాలి. ఎల్‌కేజీ నుంచి నూటికి నూరు కోసం పెంచిన పిల్లలకు ఇది మింగుడుపడని సంగతి.

మన రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 45 సెకన్లు. నెగెటివ్ మార్కుల్లేవు. అక్కడ ఒక్క ప్రశ్న ఖాళీగా వదిలినా తెలివితక్కువే, తెలియకపోయినా ఏదో ఒకటి గుర్తించి రావాలి. క్యాట్, ఐసెట్, బ్యాంకు పరీక్షలు మూడూ ఒకే ప్యాకేజీలో చెప్పేస్తామనేవాళ్ల మీద నాకు అనుమానం అందుకే. సిలబస్ కలుస్తుంది, చేతి అలవాటు కలవదు.

“మావాడికి వీడియోలు ఎక్కువ ఉన్నది చూసి కట్టేద్దామనుకుంటున్నానండీ,” అన్నారొకాయన. అరటి మార్కెట్లో ఆయన తలపండిన వ్యాపారి. “మీరు ఫొటో చూసి గెల కొంటారేంటండీ?” అన్నాను. “ఆయ్, అదెలా కుదురుద్దండీ!” అని నవ్వేశారు. ఒడిశా లోడుకైతే కాయ కాస్త లేతగా ఉండగానే కొట్టిన గెల కావాలి, పక్క ఊరి పెళ్లికైతే ముదిరింది కావాలి. గెలను తిప్పి చూసి, అత్తాలు లెక్కపెట్టుకుని గాని ఆయన ధర మాట్లాడరు. పిల్లవాడు ఏ పరీక్షకు, ఇంకెన్ని నెలలకు వెళ్తున్నాడో చూసుకోకుండా కోర్సు కొనడం ఆ లెక్కన చేయకూడని బేరమే.

తిప్పి చూడాల్సిన వాటిలో మొదటిది సరుకు వయసు. 2020లో క్యాట్ మూడు గంటల నుంచి రెండు గంటలకు తగ్గింది. డెమో వీడియోలో మాస్టారు వంద ప్రశ్నలనీ, విభాగానికి గంట అనీ చెబుతుంటే అది అంతకుముందు తీసిన వీడియో. జీమ్యాట్‌లో మార్పు ఇంకా పెద్దది. 2023 నవంబరులో దాని కొత్త రూపం వచ్చింది. 45 నిమిషాల విభాగాలు మూడు, ప్రశ్నలు 64, స్కోరు 205 నుంచి 805 వరకు. వ్యాసం పోయింది, సెంటెన్స్ కరెక్షన్ పోయింది. గచ్చిబౌలి ఐఎస్‌బీ మీద కన్నేసిన సాఫ్ట్‌వేర్ పిల్లలు పాత కోర్సు సగం ధరకు దొరికిందని సంబరపడితే, పరీక్షలో లేని వ్యాకరణం కోసం నిద్రలు మానుకోవాల్సి వస్తుంది.

రెండోది డౌటు. ట్రయల్ ఇచ్చిన రోజుల్లోనే ఒక తప్పు లెక్కను, మీరు చేసిన కాగితం ఫొటోతో సహా పంపండి. తిరిగొచ్చేది ఎవరికోసమో ఎప్పుడో తీసిన వీడియో లింకా, లేక ‘నాలుగో లైనులో పొరబడ్డావు, చూసుకో’ అన్న మాటా? వచ్చేసరికి ఎంతసేపు పట్టింది? అమ్మేటప్పుడు గంటకోసారి ఫోను చేసినవాళ్లు డౌటుకు మూడో రోజున గాని పలకకపోతే, డబ్బు కట్టాక ఎలా ఉంటుందో అక్కడే తెలిసిపోతుంది. నన్నడిగితే కోర్సు ఎంపికలో సగం పని ఈ ఒక్క పరీక్షతో అయిపోతుంది.

మూడోది మాక్ టెస్టులు. “మా అమ్మాయికి మాక్‌లో 97 వచ్చాయండీ,” అంటుంది ఒక తల్లి. అవి మార్కులు కావు, పర్సంటైల్. రాసిన ప్రతి నూరుమందిలో తొంభై ఏడుగురి కన్నా ముందుందని అర్థం. ఆ నూరుమంది ఎవరన్నదే అసలు సంగతి. 2024లో క్యాట్ రాసినవాళ్లు దాదాపు 2.93 లక్షల మంది. అందులో 99 పర్సంటైల్ అంటే మొదటి మూడు వేల మందిలో ఒకరు కావడం. కొన్ని వందల మంది మాత్రమే రాసిన మాక్‌లో వచ్చిన 97ను చూసి అలాంటి అంచనాకు రాలేం. పాఠాలు ఎక్కడ విన్నా, మాక్‌లు మాత్రం ఎక్కువమంది రాసే చోట రాయాలి. పూర్తి కోర్సుతో పోలిస్తే మాక్‌లు మాత్రమే కొనడం చాలా చవక కూడా. ఏ ప్రశ్న మీద ఎన్ని సెకన్లు కూర్చున్నారో చూపించే రిపోర్టు ఇస్తారో లేదో కనుక్కోండి. దిద్దే మనిషి దొరకనప్పుడు, వదల్లేక చేసిన తప్పును ఎంతోకొంత పట్టిచ్చేది అదే.

నాలుగో ప్రశ్న బెంగళూరు కౌన్సెలర్‌కు తట్టదు, కోనసీమవాళ్లమే అడగాలి. వీడియోలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చా? 2022 మే 24న జిల్లా పేరు విషయంలో అమలాపురంలో అల్లర్లు జరిగాక మనకు ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. ఇంటి నుంచి ఉద్యోగం చేసుకునే పిల్లలు ల్యాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ పోయారు. తుపాన్ల సంగతి సరేసరి. 1996 నవంబరు 6 నాటిది పెద్దవాళ్లు ఇప్పటికీ మరవలేదు, 2025 అక్టోబరు 28న మొంథా వచ్చింది. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు, క్యాట్ పిల్లలకు మాక్‌లు రాసే నెలలు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజున లైవ్ క్లాసు ఎందుకూ పనికిరాదు. పాత పేపర్లు నాలుగు ముందే ప్రింటు తీయించి పెట్టుకున్న పిల్ల లాంతరు వెలుగులోనైనా రాసుకుంటుంది.

ఇక డబ్బు. చెప్పిన ఫీజు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ముప్పై వేలన్నది 35,400 అవుతుంది. ‘నెలకు ఇంతే’ అని చెప్పే ఈఎంఐ చాలాసార్లు వేరే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. పిల్లవాడు కోర్సు మానేసినా ఆ అప్పు మానదు. తెలియకుండా అప్పు పత్రాలకు ఒప్పుకోవద్దనీ, ఖాతా నుంచి డబ్బు దానంతటదే కోసుకునే ఏర్పాటుకు దూరంగా ఉండమనీ కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. ర్యాంకర్ల ఫొటోల విషయానికొస్తే, టీవీలో ఒకటి, ఒకటి, రెండు, రెండు అంటూ ర్యాంకుల దండకాలు విన్న జాతి మనది. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఎంపికైన అభ్యర్థి అనుమతి లేనిదే ఫొటో వాడకూడదు. ఆ అభ్యర్థి తీసుకున్న కోర్సు ఏదో కూడా ప్రకటనలో చెప్పాలి. ఫొటోలో ఉన్నాయన కొన్నది పూర్తి కోర్సా, మాక్‌లు మాత్రమేనా అని నిలదీసి అడిగే హక్కు మీకుంది. డబ్బు చిక్కుల్లో పడితే 1915కు ఫోను చేయొచ్చు.

ఎంత పెద్ద పేరైనా మొత్తం ఫీజు ముందే కట్టేయడానికి తొందరపడొద్దంటాను నేను. కేరళకు చెందిన బైజు రవీంద్రన్ చదువు చెప్పడం మొదలుపెట్టింది క్యాట్ రాసే స్నేహితుల సందేహాలు తీర్చడంతోనే. అది ఆడిటోరియాలకు, స్టేడియాలకు పెరిగింది. 2015లో యాప్ అయింది, దేశమంతా ఇంటింటి పేరైంది. 2024 జూలైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ కథకు కారణాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి నేను పోను. కానీ స్నేహితుల మధ్య కూర్చుని సందేహం తీర్చిన మనిషికి, లక్షల మందికి వీడియో అమ్మే యాప్‌కు మధ్య దిద్దేవాడు ఎక్కడో తప్పిపోతాడన్నది నాకు స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే చిన్న సంస్థ అని చిన్నచూపు చూడకండి. వారానికి ఒకసారి మీ అమ్మాయి మాక్ తెరిచి అరగంట మాట్లాడే మాస్టారు దొరికితే, ఆయన ఫీజు మిగతా కోర్సు ధర కన్నా ఎక్కువైనా ఆలోచించొచ్చు.

ఏ కోర్సూ అమ్మలేనిది కూడా ఒకటుంది. ఇంగ్లిషు విభాగంలో 24 ప్రశ్నల్లో 16 ప్రశ్నలు ప్యాసేజీల మీదే వస్తాయి. ఎప్పుడూ వినని విషయం మీద, మెలికలు తిరిగిన వాక్యాలు చదివి, రాసినవాడి వాదం ఎటు పోతోందో పట్టుకోవాలి. మన పిల్లల్లో చాలామంది లెక్కల్లో పులులు, ఇక్కడికొచ్చేసరికి నీరుగారిపోతారు. దీనికి ‘ట్రిక్కులు’ చెబుతామనే వీడియోలకు కొదవ లేదు. ట్రిక్కులతో అయ్యే పని కాదిది. రోజూ ఒక ఇంగ్లిషు సంపాదకీయం చదివి, సారాంశాన్ని తెలుగులోనైనా సరే మూడు వాక్యాల్లో రాయాలి. అది జనవరిలో మొదలుపెట్టాల్సిన పని, ఆగస్టులో కొనే సరుకు కాదు.

కాబట్టి ఇప్పుడు నన్నడిగేవాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. ముందు గత ఏడాది పేపరు దింపుకుని, రెండు గంటలు ఫోను అవతల పడేసి రాయమనండి. తర్వాత తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ తెలియక పోయిందా, తొందరలో పోయిందా అని ఒక్కో వాక్యం రాయమనండి. సరిగా చేసినవాటిలో మూడు నిమిషాలు దాటినవి వేరే రాయాలి. అవి మూడో రకం. అంతా కలిపి రెండు పేజీలు వస్తుంది. అది పట్టుకుని వస్తే కోర్సు సంగతి మాట్లాడుకుందాం. ఇలా చెబితే కొందరు మళ్లీ రారు. రెండు పేజీలతో వచ్చినవాళ్లు మాత్రం, “నాకు పాఠాలక్కర్లేదు మాస్టారూ, మాక్‌లు, దిద్దడానికి ఒక మనిషి కావాలి,” అని వాళ్లే చెప్పేస్తున్నారు. కౌన్సెలర్ ఫోను చేస్తే ఏమడగాలో ఇక వాళ్లకు తెలుసు.