కేంద్రక లామినా – క్రోమాటిన్: సామీప్యమే శాసనమా?

కేంద్రకపు లోపలి పొరను ఆనుకొని ఉండే ప్రోటీన్ల అల్లికను కేంద్రక లామినా అంటారు. ఎల్‌ఎమ్‌ఎన్‌ఏ జన్యువు నుండి లామిన్ ఎ, సి ప్రోటీన్లు, వేరువేరు జన్యువుల నుండి లామిన్ బి1, బి2 ప్రోటీన్లు ఏర్పడతాయి. లామినా కేంద్రకానికి ఆకృతినిస్తుందని, తనను తాకిన జన్యువులను నిష్క్రియం చేస్తుందని సాధారణంగా బోధిస్తుంటారు. మొదటి అంశానికి బలమైన ఆధారాలున్నాయి. రెండవ అంశాన్ని పునఃపరిశీలించవలసి ఉంది.

2008లో బాస్ వాన్ స్టీన్సెల్ బృందం డామ్‌ఐడి పద్ధతి ద్వారా మానవ ఫైబ్రోబ్లాస్ట్ కణాలలో లామినాను తాకే 1,300కు పైగా డీఎన్‌ఏ ఖండాలను గుర్తించింది. వాటి పొడవు 1 లక్ష నుండి 1 కోటి క్షారజంటల వరకు ఉంటుంది. వాటిలోని జన్యువులు అత్యధికం నిష్క్రియమైనవే. ఈ పటం విలువైనదే అయినా అది అసంఖ్యాక కణాల సగటు. అది సహచర్యాన్ని చూపుతుందే గాని కార్యకారణ సంబంధాన్ని నిరూపించదు. అదే పరిశోధనశాల 2013లో ఒక్కొక్క కణాన్ని పరిశీలించగా, ఏ కణంలోనైనా ఈ ఖండాలలో సుమారు 30 శాతమే లామినాను తాకుతున్నట్లు తేలింది. కణవిభజన తరువాత వాటి స్థానాలు కూడా మారాయి.

జన్యువులను కృత్రిమంగా లామినా వద్దకు చేర్చిన ప్రయోగాలు కూడా ఏకాభిప్రాయానికి దారితీయలేదు. 2008లో హరీందర్ సింగ్ బృందం అట్లా చేర్చిన జన్యువు అణగిపోవడాన్ని గమనించగా, అదే ఏడాది కుమరన్, స్పెక్టర్‌లు అంచున ఉన్న జన్యువు కూడా అనులేఖన సామర్థ్యాన్ని నిలుపుకొన్నదని చూపారు. నిశాచర క్షీరదాల దండకణాలు ఈ సందేహాన్ని మరింత బలపరుస్తాయి. వాటిలో లామిన్ ఎ, సి గాని, లామిన్ బి గ్రాహకం గాని ఉండవు. అందువల్ల హెటిరోక్రోమాటిన్ అంచును వీడి కేంద్రకం మధ్యకు చేరుతుంది. అయినా హెటిరోక్రోమాటిన్‌గానే నిలుస్తుంది. దీనిని బట్టి లామినా క్రోమాటిన్ స్థానాన్ని నిర్ణయిస్తున్నదని చెప్పవచ్చు. నిష్క్రియతకు అదే మూలమని చెప్పడానికి ఆధారం చాలదు.

ఈ భేదం పరిభాషకే పరిమితమైనది కాదు. అకాల వార్ధక్యాన్ని కలిగించే ప్రొజీరియాకు ఎల్‌ఎమ్‌ఎన్‌ఏ ఉత్పరివర్తనమే కారణమని 2003లో తేలింది. ఆ రోగుల కణాలలో అంచు హెటిరోక్రోమాటిన్ క్షీణిస్తుంది. ఆ క్షీణత రోగానికి హేతువా, పర్యవసానమా అన్నదానిపైనే చికిత్సాలక్ష్యం ఆధారపడుతుంది. 2020లో అమెరికాలో అనుమతి పొందిన లోనాఫార్నిబ్, ప్రొజెరిన్‌కు ఫార్నెసిల్ సమూహం చేరడాన్ని అడ్డుకుంటుంది. క్రోమాటిన్‌పై నేరుగా పనిచేయదు.

కనుక లామినాను జన్యువుల శాసనకర్తగా వర్ణించడం అతివ్యాప్తి దోషమే. అన్యథా ఏర్పడిన నిష్క్రియస్థితిని స్థిరపరచే సహకారిగా దానిని బోధించడం లభ్యమైన ఆధారాలకు సముచితం.