గ్యారేజీలో ఇసుక బండి
టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మనవాళ్ల గ్యారేజీ అంటే బియ్యం బస్తాలు, క్రికెట్ కిట్లు. అందులో డ్యూన్ బగ్గీ, అంటే ఇసుక బండి, కట్టేవాడంటే నాకు గౌరవం. ఫైబర్‌గ్లాస్ బగ్గీకి మూలపురుషుడు కాలిఫోర్నియాలో పడవలు కట్టిన బ్రూస్ మేయర్స్. 1964లో ఫైబర్‌గ్లాస్ బాడీతో ‘మేయర్స్ మాంక్స్’ అనే బగ్గీ చేశాడు. తర్వాత అమ్మిన కిట్లకైతే పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చట్రాన్ని సుమారు 14 అంగుళాలు కోసి, మళ్లీ వెల్డింగ్ చేయాలి. కొలత తప్పితే బాడీ కూర్చోదు.

బాడీ కూడా సొంతంగా చేసుకుంటే, అసలు నేర్పు రెసిన్ దగ్గర. గట్టిపరిచే రసాయనం నూటికి ఒకటి రెండు పాళ్లే. టెక్సాస్ ఎండలో ఒకటి దగ్గరే ఆగాలి, లేకుంటే డబ్బాలోనే గడ్డకడుతుంది. గాజునారపై రోలరుతో గాలిబుడగలు తీస్తూ పొర మీద పొర వేయాలి. ఆపై సాండ్‌పేపరు, దురద! మాంక్స్‌పై మేయర్స్ పేటెంటు కోర్టులో నిలవలేదు, నకళ్లు వెల్లువెత్తాయి. ఆయనకు నష్టమే కానీ, ఇంట్లోనే బండి కట్టుకునేవాళ్లకు కలిసొచ్చింది.